పడుకున్నా తీరని అలసట: నేను కోలుకుంటున్న తీరు

రాత్రంతా పడుకుని లేచినా, పడుకోకముందు ఎలా ఉన్నానో అలాగే ఉండేది. ఆఫ్ వచ్చిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచం దిగకపోయినా, మర్నాడు డ్యూటీకి చెప్పులు వేసుకునేసరికి కాళ్ళు పీకడం మొదలయ్యేది. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, ఐసీయూలో పని. మాది ఖమ్మం వైపు పల్లె. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం చదివి ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, అత్తయ్య కూడా మాతోనే ఉంటారు. నా ఒంట్లో ఏం జరిగింది, దాన్నుంచి ఎలా తేరుకుంటున్నాను అనేది వివరంగా రాయాలనిపించింది. నాలాంటి వాళ్ళు ప్రతి వార్డులో ఉన్నారు, చాలా ఇళ్ళలోనూ ఉన్నారు, "కొంచెం నీరసంగా ఉందిలే" అని ఒక్క మాటతో సరిపెట్టుకుని మళ్ళీ పనిలో పడుతున్నారు.

ఐసీయూ అంటే బయటివాళ్ళకు అద్దాల తలుపు వరకే తెలుస్తుంది. లోపల గంట గంటకీ బీపీ, పల్స్, రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పే శాచురేషన్, యూరిన్ ఎంత వచ్చింది, అన్నీ చార్టులో రాయాలి. రెండు గంటలకోసారి పేషెంట్‌ని పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు మీద, నడుము కింద పుండ్లు పడతాయి. డెబ్బై ఎనభై కేజీల మనిషిని ఇద్దరం కలిసి దుప్పటి పట్టుకుని తిప్పుతాం. మధ్యలో సక్షన్ చేయాలి, అంటే గొట్టంతో కఫం లాగేయాలి, మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు మోగితే పరిగెత్తాలి, డాక్టర్ గారు రౌండ్స్‌కి వస్తే పక్కనే నిలబడి అన్నీ చెప్పాలి. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కి ఒకరికి ఒక నర్సు ఉండాలన్నది ఐసీయూలో పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన లెక్క. స్టాఫ్ తక్కువైన రోజు ఆ లెక్క నిలవదు, ఒక్కరమే ఇద్దర్ని, ఒక్కోసారి ముగ్గుర్ని చూసుకోవాలి. నైట్‌కి రావాల్సిన అమ్మాయి రాకపోతే ఈవినింగ్ చేసిన మనిషే ఉండిపోవాలి. దాన్ని మేం డబుల్ అంటాం. డబుల్‌కి డబ్బులు వస్తాయి కాబట్టి కాదనబుద్ధి కాదు, పైగా నేను వెళ్ళిపోతే ఆ రాత్రి పేషెంట్‌ని ఎవరు చూస్తారన్న ఆలోచన ఒకటి ఉంటుంది. ఈ రెండూ కలిసే మమ్మల్ని ఆపేస్తాయి.

ఆ రోజుల్లో నాకు బియ్యం నమలాలనిపించేది. అన్నం వండడానికి బియ్యం కడుగుతూ ఒక గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని, తర్వాత తర్వాత డబ్బా దగ్గరికి అందుకోసమే వెళ్ళేదాన్ని. అత్తయ్య చూసి "బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందంటారు, నీకు పెళ్ళి కూడా అయిపోయిందిగా" అని నవ్వేవారు. ఇంకొకటి, పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు ఉండేది, కాళ్ళు కదిలిస్తే తగ్గేది, ఆపితే మళ్ళీ మొదలు. మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే సగంలో ఆగాల్సి వచ్చేది, గుండె చెవుల్లో కొట్టుకున్నట్టు వినిపించేది. జుట్టు దువ్వెన నిండా వచ్చేది. ఇవన్నీ ఒకటొకటిగా చూస్తే చిన్నవే. పైగా మా వార్డులో అందరం ఇంచుమించు ఇలాగే ఉండేవాళ్ళం, ఒకరికి కళ్ళు తిరుగుతాయి, ఒకరికి నడుము నొప్పి, ఇంకొకరికి తలనొప్పి. అందరూ అలసిపోయి ఉన్నచోట ఒకరి అలసట ఎవరి కంటికీ ఆనదు.

నాకు భయం వేసింది మాత్రం ఒంటి గురించి కాదు. ఒక సాయంత్రం ఐసీయూ బయట ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తోంది, భర్త లోపల వెంటిలేటర్ మీద ఉన్నాడు. "ఎలా ఉన్నాడమ్మా, కళ్ళు తెరిచాడా" అని అడుగుతోంది. నేను చెప్పాల్సిన మాటలన్నీ చెప్పాను, గొంతు కూడా మెత్తగానే వచ్చింది, కానీ లోపల ఏమీ లేదు. జాలి లేదు, బాధ లేదు, చేతులు వదిలితే వెళ్ళిపోదామని మాత్రమే ఉంది. నర్సింగ్‌లో చేరింది నేను అలాంటి చేతులు పట్టుకోవడానికే. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా అదే తలపు. ఒంట్లో సత్తువ పోవడం నాకు తెలుసు, ఇది మాత్రం అంతకుముందెప్పుడూ లేదు.

మర్నాడు డ్యూటీ దిగాక, బట్టలు మార్చుకునే గదిలో మా సీనియర్ సిస్టర్ ఒక్కరే ఉన్నారు. నేను ఆవిడని అక్కా అని పిలుస్తాను. "అక్కా, నా వల్ల కావట్లేదు" అన్నాను. అంతే, ఇంకేమీ చెప్పలేకపోయాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ట్యూబ్‌లైటు వైపు తిప్పి, బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూశారు. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉందట. తర్వాత నా గోళ్ళు చూశారు, అరచెయ్యి చాపి గీతలు చూశారు. "ఎన్నాళ్ళయిందే ఇలా? రేపూ ఎల్లుండీ అనకు, ఇప్పుడే పద" అని తనే ల్యాబ్‌కి తీసుకెళ్ళి రక్తకణాల లెక్క చూసే సీబీపీకి, ఫెరిటిన్‌కి, థైరాయిడ్‌కి రక్తం ఇప్పించారు. అందరికీ సూదులు గుచ్చే మనిషిని, ఆ రోజు నా చెయ్యి ఇంకొకరికి ఇచ్చి కూర్చోవడం నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్ళకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. ఫెరిటిన్ 6, అంటే ఒంట్లో ఐరన్ నిల్వలు దాదాపు అడుగంటాయి. 15 కంటే తగ్గిందంటేనే నిల్వలు అయిపోయినట్టు లెక్క. థైరాయిడ్ బాగానే ఉంది. రిపోర్టులో మైక్రోసైటిక్ హైపోక్రోమిక్ అని రాశారు, అంటే రక్తకణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయని. బియ్యం నమలాలనిపించడం, పిక్కల్లో పాకినట్టుండడం, రెండూ ఐరన్ తగ్గినప్పుడు వచ్చేవే. కొందరికి బియ్యం, కొందరికి ఐసు ముక్కలు, కొందరికి మట్టి, సుద్ద. మన ఇళ్ళలో ఆడపిల్ల బియ్యం తింటుంటే నవ్వుతాం, తిడతాం, పెళ్ళిలో వాన అంటాం. దయచేసి ఆ పిల్లకి ఒకసారి రక్తపరీక్ష చేయించండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగం కంటే ఎక్కువ మంది. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడో, మీరో, ఇద్దర్లో ఒకరికి ఉన్నట్టే.

ఫిజీషియన్ మేడం దగ్గరికి వెళితే ఆవిడ మొదట అడిగింది తిండి గురించి కాదు, నెలసరి గురించి. "ప్యాడ్ ఎంతసేపటికి మారుస్తావు? గడ్డలు పడుతున్నాయా?" పడుతున్నాయి. పాప పుట్టిన తర్వాత కొన్నాళ్ళ నుంచీ పడుతూనే ఉన్నాయి, నెలలో ఆ రోజులు రెండు ప్యాడ్‌లు కలిపి పెట్టుకుని డ్యూటీ చేసేదాన్ని. స్కాన్‌లో గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కణితి కనిపించింది, అది లోపలి గోడ వైపు ఉంది కాబట్టి సైజు చిన్నదైనా బ్లీడింగ్ ఎక్కువ అవుతుందని గైనకాలజిస్ట్ చెప్పారు. ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దు, ఆ రోజుల్లో మాత్రం బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ టాబ్లెట్ వాడమన్నారు. ఆ బ్లీడింగ్ తగ్గకుండా నేను ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా ఒక పక్క పోస్తుంటే ఇంకో పక్క కారిపోతూనే ఉండేది.

ఐరన్ గురించి కొన్ని సంగతులు చెప్పాలి, ఎందుకంటే చాలామంది మొదలుపెట్టి వారంలో మానేస్తారు. నాకు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒకసారి ఐరన్ వేసుకున్నాక ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, ఇంచుమించు ఒక రోజంతా పేగుల్లో ఐరన్ ఎక్కకుండా అడ్డుకుంటుంది, అందుకే ఒక రోజు వదిలేస్తే ఎక్కువ ఒంటికి పడుతుంది, కడుపు కూడా తేలిగ్గా ఉంటుంది. అయితే ఇది అందరికీ ఒకేలా ఉండదు, ఎవరి డోసు వాళ్ళ డాక్టర్ చెప్పాలి. మాత్రకి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ తాగకూడదు, కాల్షియం మాత్రతో కలపకూడదు. టీ మానడం నాకు అన్నిటికంటే కష్టమైంది, నైట్ డ్యూటీలో మా బతుకంతా టీ మీదే. నిమ్మరసం నీళ్ళతో వేసుకునేదాన్ని, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఎక్కుతుంది. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడనక్కర్లేదు. మలబద్ధకం వస్తే డాక్టర్‌కి చెప్పి మందు మార్పించుకోవచ్చు, మానేయక్కర్లేదు. అత్తయ్య రోజూ బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం పెట్టేవారు, పాపం ఎంతో ప్రేమగా. అవి తినండి, మంచివే, కానీ 8కి పడిపోయిన హిమోగ్లోబిన్ వాటితో లేవదు, ఆకుకూరల్లో, దుంపల్లో ఉండే ఐరన్ ఒంటికి తక్కువ పడుతుంది. మాంసాహారం తినేవాళ్ళకైతే మటన్ కార్జం మేలు, అందులోని ఐరన్ బాగా ఎక్కుతుంది. ఆదివారాలు అది మా ఇంట్లో అలవాటైంది, పిల్లలకి నచ్చదు, నాకూ ఆయనకీ అత్తయ్యకీ సరిపోతుంది.

రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్ళాక ఆయనతో, అత్తయ్యతో కూర్చుని మాట్లాడాను. ఇది రాయడం తేలిక, చేయడం తేలిక కాదు. అంతకుముందు కూడా "అలసిపోయాను" అని ఎన్నోసార్లు అన్నాను, కానీ అంటూనే లేచి కుక్కర్ పెట్టేదాన్ని, ఆ మాటకి ఇంట్లో ఎవరూ చేయాల్సిన పని ఏమీ ఉండేది కాదు. ఈసారి "నేను పొద్దున వంట చేయలేను, నైట్ దిగి వచ్చిన రోజు పిల్లల్ని స్కూలుకి రెడీ చేయలేను, మధ్యాహ్నం దాకా నన్ను లేపొద్దు" అని మూడు పనులు పేరు పెట్టి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. అత్తయ్య మాత్రం ఆయన వైపు తిరిగి, "చెప్తే నువ్వేం చేసేవాడివిరా? రేపటి నుంచి పిల్లల టిఫిన్ బాక్సులు నువ్వు కట్టు, ఉప్మా ఎలా చేయాలో నేను చెప్తాను" అన్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నిలబడి వంట చేయలేరు, అందుకే స్టూలు మీద కూర్చుని చెప్తారు, ఆయన చేస్తారు. మొదట్లో ఉప్మా ముద్దయ్యేది, పిల్లలు అదే తిన్నారు. నేను లేచి సరిచేయకుండా ఉండడం నేర్చుకోవాల్సి వచ్చింది. పడుకుని ఉన్నా చెవులు వంటింట్లోనే ఉండేవి, గిన్నె పడితే లేచి కూర్చునేదాన్ని. అది తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

నైట్ డ్యూటీ చేసేవాళ్ళకి పగటి నిద్ర అంటే అందరికీ "ఖాళీగా ఇంట్లో ఉంది" అని అర్థం. గ్యాస్ సిలిండర్ వాడు కాలింగ్ బెల్ కొడతాడు, పక్కింటావిడ పసుపు కుంకుమకి పిలుస్తుంది, చుట్టాలు ఫోన్ చేసి "పడుకున్నావా, ఈ టైంలోనా" అంటారు. రాత్రి పదకొండుకి మనం వాళ్ళకి ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో మాకు పగలు పదకొండుకి అలాగే ఉంటుంది. కిటికీకి మందపాటి నల్ల గుడ్డ కుట్టించి మేకులు కొట్టాం. ఫోన్ అత్తయ్య దగ్గర పెట్టి పడుకుంటాను, స్కూలు నుంచి వస్తే తప్ప లేపరు. పొద్దున డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటాను, ఎండ కళ్ళల్లో పడితే మెదడు తెల్లవారిందనుకుని నిద్రకి సాయపడే మెలటోనిన్ తయారీని తగ్గించేస్తుంది. టీ అర్ధరాత్రి దాటాక తాగడం మానేశాను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి టీ తాగి తొమ్మిదింటికి నిద్ర రావట్లేదంటే ఎలా వస్తుంది? నాలుగు, ఐదు గంటల మధ్య ఒంటి వేడి అన్నిటికంటే తగ్గే సమయం, అప్పుడు చలేస్తుంది, కళ్ళు మూతలు పడతాయి. ఆ టైంలో ఇప్పుడు టీకి బదులు లేచి నాలుగడుగులు వేస్తాను, చన్నీళ్ళతో ముఖం కడుక్కుంటాను, మందులు కలిపే పని ఉంటే పక్క సిస్టర్‌ని పిలిచి లేబుల్ ఇద్దరం గట్టిగా చదువుతాం.

ఇంట్లో చెప్పడం ఒక ఎత్తు, డ్యూటీలో చెప్పడం ఇంకో ఎత్తు. మా ఇన్‌చార్జి సిస్టర్ చెడ్డమనిషి కాదు, ఆవిడ మీదా పైనుంచి ఒత్తిడి ఉంటుంది, రోస్టర్ నింపాలి, మనుషులు లేరు. వెళ్ళి "నాకు నైట్లు వద్దు" అంటే ఆ పని ఇంకో అమ్మాయి నెత్తిన పడుతుంది, అది నాకూ ఇష్టం లేదు. అందుకని రెండే అడిగాను, కాగితం మీద రాసి, బ్లడ్ రిపోర్ట్ జత చేసి. ఒకటి, నైట్లు ముక్కలు ముక్కలుగా కాకుండా వరసగా వేయండి, వరస అయ్యాక రెండు రోజులు ఆఫ్ ఇవ్వండి. రెండు, హిమోగ్లోబిన్ 11 దాటేదాకా నాకు డబుల్ వేయొద్దు. ఆవిడ చదివి, "అందరూ ఇలా రాసిస్తే నేనేం చేయాలమ్మా" అన్నారు. "మేడం, అందరూ రాసివ్వాల్సిన పరిస్థితే ఉంది" అన్నాను. గొంతు వణికింది కానీ అన్నాను. మొదటి నెల ఏమీ మారలేదు. రెండో నెల రోస్టర్‌లో నైట్లు వరసగా పడ్డాయి. డబుల్ విషయంలో మాత్రం ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ "రాలేను మేడం, మీ దగ్గర నా కాగితం ఉంది" అని చెప్పాల్సి వచ్చింది. రాసి ఇవ్వడం వల్ల అదొక్క మేలు, ప్రతిసారీ కొత్తగా కారణం వెతుక్కోనక్కర్లేదు.

డబ్బుల సంగతి దాటేస్తే ఇది నిజం కాదు. డబుల్స్ ఆపితే నెలకి చేతికొచ్చేది తగ్గింది. మేం ఒక చీటీ వేస్తున్నాం, పాప స్కూలు ఫీజు టర్ములుగా కట్టాలి. చీటీని ముందే పాడుకుని ఫీజు కట్టేశాం, నష్టానికే పాడాం. బండి మార్చాలనుకున్నది ఆగింది. రెస్టు తీసుకోమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ రెస్టుకి ఎంత ఖర్చవుతుందో, అది ఎవరు పెట్టుకోవాలో కూడా మాట్లాడుకోవాలి. కూలికెళ్ళే మనిషికి ఒక రోజు పడుకుంటే ఆ రోజు కూలి పోతుంది. నాకు కనీసం ఉద్యోగులకిచ్చే ఆరోగ్య బీమా ఈఎస్‌ఐ ఉండేది అనుకుంటే, జీతం ఆ పరిమితి దాటాక అదీ పోయింది. అందుకే ఎవరైనా "నీ ఆరోగ్యం నువ్వు చూసుకోవాలి" అంటే నాకు కోపం వస్తుంది, చూసుకోవడానికి ఇంకొకరు కాస్త బరువు మోయాలి, లేకపోతే కుదరదు.

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే బియ్యం డబ్బా వైపు చూడడం మానేశాను, అది నాకే నమ్మబుద్ధి కాలేదు. తర్వాత పిక్కలు నిమ్మళించాయి. మెట్లు ఆగకుండా ఎక్కాను. హిమోగ్లోబిన్ 10 దాటింది, 11 దాటింది. ఒళ్ళు తేలికపడింది. మనసు మాత్రం వెంటనే రాలేదు, ఇది ఎవరూ నాకు ముందు చెప్పలేదు. రిపోర్టు బాగుంది, నిద్ర పడుతోంది, అయినా డ్యూటీకి బయల్దేరుతుంటే కడుపులో రాయి పెట్టినట్టు. ఐసీయూ తలుపు తీయగానే వచ్చే ఆ స్పిరిట్ వాసన, ఆ మోనిటర్ల చప్పుడు, వెనక్కి వెళ్ళిపోవాలనిపించేది. కొత్త పేషెంట్ వస్తే "ఇంకొకరా" అనిపించేది. పని తప్పకుండా చేసేదాన్ని, కానీ చేసిందేదీ సరిగ్గా చేశాననే తృప్తి లేదు.

ఒక రాత్రి ఆఫ్‌లో ఉన్నప్పుడు 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేమీ కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మా వార్డులో పేషెంట్ల బంధువులకి ఆ నంబరు రాసిచ్చేది మేమే. అవతల ఒక అమ్మాయి మాట్లాడింది, తొందరపెట్టలేదు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా, డ్యూటీ లేని రోజు కూడా ఇలాగే ఉంటుందా, పిల్లలతో ఉంటే సంతోషంగా ఉంటుందా అని అడిగింది. డ్యూటీ లేని రోజు పిల్లలతో బాగానే ఉంటాను, డ్యూటీ తలుచుకుంటేనే ఇలా ఉంటుందని చెప్పాను. ఇది బర్న్‌అవుట్ లాగా ఉంది, కానీ ఇంట్లో కూడా ఇలాగే అనిపించడం మొదలైతే, నిద్ర, ఆకలి పోతే సైకియాట్రిస్ట్‌ని కలవాలి, ఆలస్యం చేయొద్దు అని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో బర్న్‌అవుట్‌ని జబ్బుగా కాకుండా, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సంభాళించుకోలేక వచ్చే స్థితిగా రాశారు. అందులో మూడు గుర్తులు చెప్తారు: ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, చేసే పని మీద విసుగు, దూరం పెరగడం, పనిలో పస తగ్గిపోయిందనిపించడం. నాకు మూడూ ఉన్నాయి. ఆ చేతులు పట్టుకున్నావిడ ముందు నాకేమీ అనిపించకపోవడం రెండోది. నేను రాయిలా మారిపోయానని, ఇక నర్సుగా పనికిరానని అనుకున్నాను. అదొక గుర్తు అని, మనిషి పోలేదని తెలిశాక ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను, ఆయన లేచి మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చున్నారు.

తర్వాత కొన్ని రోజులు జీతం లేని సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వెళ్ళాను. మిరప కోతల కాలం, ఊళ్ళో ఎవరూ ఖాళీగా లేరు. మొదటి రెండు మూడు రోజులు చుట్టాలు, పక్కవాళ్ళు, "మా ఆయనకి షుగర్ ఎంత ఉండాలి", "ఈ మాత్రలు చూడు బిడ్డా" అంటూ వస్తూనే ఉన్నారు. చివరికి అమ్మే గుమ్మంలో నిలబడి "దానికే బాగాలేదు, వారం తర్వాత రండి" అని పంపించేసింది. అమ్మ అలా ఎవరినైనా వెనక్కి పంపడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత నిజంగా ఏమీ చేయలేదు. పొద్దున కల్లం దాకా నడిచేదాన్ని, ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ములొచ్చేవి, తిరిగొచ్చి తిని పడుకునేదాన్ని. నడక కూడా అలసిపోయేంత కాదు, ఇంకా కొంచెం నడవగలను అనిపించినప్పుడే ఆగమని ఫిజీషియన్ మేడం చెప్పారు. ఓపిక వచ్చిన రోజే మొత్తం పని చేసేసి, మర్నాడు మంచాన పడడం నాకు అలవాటు. దాన్ని మానుకోవడానికి ఓపిక ఉన్న రోజు కూడా తక్కువే చేయాలి. ఇది మాత్రం ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది.

తిరిగి డ్యూటీలో చేరాక మొదటి వారం భయపడ్డాను. ఒకరోజు ట్రాకియాస్టమీ చేసిన, అంటే ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టిన ఒక పెద్దాయనకి సక్షన్ చేసి, దుప్పటి సరిచేస్తుంటే ఆయన నా చెయ్యి మీద రెండుసార్లు తట్టారు, మాట రాదు కదా. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాస్క్ ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు, సీనియర్ అక్కకి మాత్రం తర్వాత చెప్పాను. "వచ్చావే" అన్నారావిడ, అంతే.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 12.1. అయినా నిల్వలు నిండాలంటే ఐరన్ ఇంకో మూడు నెలలు వాడమన్నారు, చాలామంది నంబరు బాగుందని ఇక్కడే మానేస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికొస్తారు. ఫైబ్రాయిడ్ స్కాన్ మళ్ళీ చేయించాలి, పెరిగితే ఆపరేషన్ గురించి మాట్లాడదామన్నారు, దానికి ఎన్ని రోజులు సెలవు దొరుకుతుందో, ఎంత ఖర్చవుతుందో ఇప్పటినుంచే కనుక్కుంటున్నాం. ఆయన ఉప్మా దాటి పులిహోర దాకా వచ్చారు. మా వార్డులో ఇంకో ఇద్దరు సిస్టర్లు సీబీపీ చేయించుకున్నారు, ఒకరికి 9.4, ఆ అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు, ఇంటికి డబ్బులు పంపాలని డబుల్స్ చేస్తూనే ఉంది. ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి ఇప్పుడు మేం ముగ్గురం కలిసి ఒక్క కాగితం రాసి ఇచ్చాం, వార్డులో అందరికీ నైట్లు వరసగానే వేయమని, నైట్ దిగిన రోజే ఈవినింగ్ వేయొద్దని. వచ్చే నెల రోస్టర్ ఇంకా బోర్డు మీద పెట్టలేదు.